మూడున్నర చుట్లు

“గడ్డం పైకండీ. కళ్ళు కాదు, గడ్డం. కళ్ళు నా వైపే ఉంచండి. ఆఁ, అలాగే. నవ్వొద్దు.”

అంతే, స్టూలు మీదున్నావిడ కిసుక్కున నవ్వింది.

నవ్వొద్దు అనగానే మనుషులకు నవ్వొస్తుంది. పెళ్ళి ఫొటోలో కాస్త నవ్వండి బాబూ అని కాళ్ళావేళ్ళా పడ్డా ఆముదం తాగిన మొహం పెట్టేవాళ్ళు కూడా, ప్రభుత్వ ఫారానికి ఫొటో దిగేటప్పుడు మాత్రం పళ్ళన్నీ బయటపెడతారు. అందుకే ఆ మాట ఆయన రోజుకు ఓ వందసార్లు అనాల్సి వచ్చేది. ముప్పై ఏళ్లు అలా అనీ అనీ ఆ వీధిలో ఆయన పేరే అదైపోయింది. చిన్నవాళ్ళు ‘నవ్వొద్దు బాబాయ్’ అనేవారు. పెద్దవాళ్ళకు అంత ఓపిక ఉండదు కాబట్టి ‘నవ్వొద్దు’ అని ఊరుకునేవారు.

కొట్టు రెండు మంచాలు పక్కపక్కన వేస్తే నిండిపోయేంత. వెనక గోడకు తెల్ల గుడ్డ. అటొక గొడుగు లైటు, ఇటొక గొడుగు లైటు. అద్దం పక్కన మేకుకు దారంతో కట్టిన దువ్వెన. అంతకుముందు దారం లేని దువ్వెనలు మూడు, జుట్టున్నవాళ్ళతోనూ లేనివాళ్ళతోనూ సమానంగా వెళ్ళిపోయాయి. గుడ్డకు ముందు ఇనప స్టూలు. దాని పీట మరమీద తిరుగుతుంది. కుడివైపు తిప్పితే లేస్తుంది, ఎడమవైపు తిప్పితే దిగుతుంది.

కెమెరా ఎత్తు మారదు, మనిషే మారాలి. గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టేలోపు మనిషిని చూసి ఆయన చుట్లు లెక్కగట్టేవాడు. పొడుగాయనకు చుట్టున్నర. మందుల షాపావిడకు నాలుగు. ఎప్పుడో పదేళ్ల కిందట దిగి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తే పేరు గుర్తుండేది కాదు గానీ, “మీది మూడూ ముప్పావు కదండీ” అనేవాడు. వాళ్ళు తమ జాతకం చెప్పినంత సంబరపడేవారు.

ఆయన అసలు ఎదురుచూసేది నవ్వు దిగిపోయాక వచ్చే క్షణం కోసం. చెవులు రెండూ కనపడాలి, కళ్లజోడు తియ్యాలి, పెదాలు మూసుండాలి అని వరసగా అన్నీ చెప్పించుకున్నాక, ఇక ఏం చేయాలో మొహానికి తోచదు. అప్పుడు దాని మీద హోదా ఉండదు, అప్పు ఉండదు, పక్కింటివాళ్ళ కారు ఉండదు. ఉత్త మనిషి ఉంటాడు. ఆ క్షణంలోనే ఆయన నొక్కేవాడు. ఎన్ని వేల మొహాలు అయ్యాయో, అది వచ్చిన ప్రతిసారీ ఆయనకు చేతుల మీద వెంట్రుకలు లేచేవి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫారం ఫొటోలు తీసేవాడు అలాంటివి చెబితే కళ్ళు పరీక్ష చేయించుకోమంటారు.

ఆ రోజు పొద్దున్నుంచే వరస మందుల షాపు దాకా ఉంది. ప్రభుత్వం ఇచ్చిన ముప్పై రోజుల గడువుకు అదే ఆఖరి రోజు. బయటి దేశాల నుంచి వచ్చి ఇంతవరకూ పేరు నమోదు కానివాళ్ళందరూ సాయంత్రం అయిదులోపు ఆఫీసుకు వెళ్ళి వేలిముద్రలూ, చిరునామా, రెండు ఫొటోలూ ఇవ్వాలి. ఇచ్చాక వచ్చే కాగితం ఎప్పుడూ దగ్గరుండాలి. ఇల్లు మారితే పది రోజుల్లో తెలపాలి. నమోదు చేసుకోకపోతే జైలు. చేసుకుంటే? ఉండనిస్తామని మాత్రం ఆ ప్రకటనలో ఎక్కడా లేదు.

ఆ ప్రకటన కొట్టులోనే గోడకు అంటించి ఉంది. నెల కిందట ఆయన భార్యే చదివి వినిపించి అంటించింది. దగ్గరి అక్షరాలు ఆయనకు ఆనవు. మూడు నిబంధనలు చదివి, “అంతే” అంది. దాని కింది సగం మీద మందుల కంపెనీ వాళ్ళ క్యాలెండరు కూడా తగిలించింది. క్యాలెండరు మీద ఊపిరితిత్తుల బొమ్మ. ఆవిడకు ఆ బొమ్మ అంత ఎందుకు నచ్చిందో ఆయనకు అంతుబట్టలేదు గానీ, ఇరవై ఆరేళ్ల కాపురంలో అంతుబట్టనివి చాలా ఉన్నాయి కాబట్టి అడగలేదు.

ప్రకటన పక్కనే ఓ పాత అట్ట వేలాడుతుంటుంది. ఆయన స్వహస్తాలతో రాసింది. ‘ఇల్లు మారారా? పది రోజుల్లో చెప్పండి. మరిచిపోతే మీదే బాధ్యత.’

మరిచిపోయినవాడు ఆయనే. ఇరవై ఏడేళ్ల కిందట కొట్టూ మకామూ పద్నాలుగో నంబరు నుంచి పదహారో నంబరుకు మారాయి. సామానంతా చేతులతో మోసుకొచ్చాడు, స్టూలును నెత్తిన పెట్టుకుని. పక్కిల్లే కదా, పోస్టుమాన్ రోజూ తన దగ్గరే టీ తాగుతాడు కదా అనుకున్నాడు. అప్పుడు బయటి దేశాలవాళ్ళు నివాస కార్డులు మార్చుకునే సీజను. వచ్చినవాళ్ళందరికీ అట్ట చూపిస్తూ, చిరునామా మర్చిపోకండీ అని చెబుతూ ఆ పది రోజులూ ఊపిరి సలపని పనిలో గడిపాడు. సరిగ్గా ఆ నెలలోనే పోస్టుమాన్ బదిలీ అయ్యాడు. కొత్తతను టీ తాగడు. ఆయన కార్డు పొడిగింపు ఉత్తరం పద్నాలుగో నంబరు గుమ్మం చూసి, తాళం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకేం ఉత్తరాలు వచ్చాయో ఆయనకు తెలియదు.

అప్పట్నుంచి వీధిలో అందరి మొహాలకూ కాగితం ఇచ్చేవాడికి తన మొహానికి కాగితం లేదు. కొట్టు భార్య పేరున ఉంది. ఆవిడ వృద్ధాశ్రమంలో పనికి అనుమతి మీద వచ్చిన మనిషి. కార్డు ఫొటో కోసం మొదటిసారి ఈ స్టూలు మీద కూర్చుంది. నవ్వొద్దు అంటే నవ్వలేదు. ఆయన జీవితంలో అలా మాట విన్న మొదటి మనిషి ఆవిడే. పెళ్ళి చేసుకోక తప్పలేదు.

పదకొండింటికి సంఘం అధ్యక్షుడు వరసలోంచి కాకుండా పక్కనుంచి లోపలికొచ్చాడు. మనవాళ్ళ సంఘానికి ఆయన పదకొండేళ్లుగా అధ్యక్షుడు. కార్డు ఎప్పుడో వచ్చింది. సంఘం పత్రికలో వేయడానికి కొత్త ఫొటో కావాలన్నాడు. పాత ముప్పై తొమ్మిది ఫొటోల్లోనూ పోలిక సరిగా రాలేదట.

“నాలుగున్నర చుట్లు” అన్నాడు ఫొటోగ్రాఫరు, స్టూలు తిప్పుతూ.

“నాకు నాలుగున్నరా? ఏమయ్యా, నేనేమన్నా పొట్టివాణ్ణా? రెండు చాలు.”

“సరేనండీ, రెండే.” అధ్యక్షుడు తల దువ్వుకునేలోపు ఇంకో రెండున్నర తిప్పేశాడు. ఇద్దరి పరువూ నిలబడింది.

“బయట ఆ వరస చూశావా? ఇన్నాళ్ళూ ఏం చేశారయ్యా వీళ్ళు? రూల్సంటే భయం లేదు మనవాళ్ళకి. నన్ను చూడు. నా కార్డు మూడు కవర్లలో పెట్టి, బ్యాంకు లాకర్లో దాచా. జేబులో ఎప్పుడూ జిరాక్సు.”

వెనక బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న ప్లీడరు పేపరు దించాడు. పేపరు చదివేటప్పుడు కూడా మెడలో కోర్టు పట్టీ తియ్యని మనిషి.

“జిరాక్సు చెల్లదండీ. అసలు కార్డే ఒంటి మీద ఉండాలి.”

“అసలుదా? పోతేనో?”

“పోతే పోయిందని చెప్పాలి. లేకపోతే అదో నేరం.”

“మరి లాకర్లో ఉంటే?”

“దగ్గర లేనట్టే. నేరమే.”

అధ్యక్షుడి మొహంలోంచి సంఘం దిగిపోయింది. “అంటే... పదకొండేళ్లుగా నేను...”

“రోజూనండీ” అన్నాడు ప్లీడరు, పేపరు మళ్ళీ ఎత్తుతూ. “ఆదివారాలతో కలిపి.”

ఆ క్షణంలోనే ఫొటోగ్రాఫరు నొక్కాడు. నలభయ్యో ఫొటోకి పోలిక అద్భుతంగా కుదిరింది. అధ్యక్షుడు అది చూసుకోకుండానే బ్యాంకువైపు పరుగెత్తాడు.

తర్వాత ప్లీడరు కూర్చున్నాడు. రెండుంబావు చుట్లు. వాళ్ళ బార్ కార్డుకు ఫొటో కావాలి. ఫొటోగ్రాఫరు లైటు సర్దుతున్నట్టు నటిస్తూ, “నాకు తెలిసినవాడొకడున్నాడండీ” అన్నాడు. “పాతికేళ్ల పైమాటే, కార్డు లేదు. వాడివాళ వెళ్తే ఏమవుతుంది?”

“బాబాయ్, తెలిసినవాళ్ళ గురించి అడిగేవాళ్ళకి నేను...”

“నోరు కదపొద్దు.”

ప్లీడరు పళ్ళు బిగించి, కళ్ళు కెమెరా మీదే పెట్టి, పెదాల సందులోంచి న్యాయం చెప్పడం మొదలెట్టాడు. “వెళ్తే లిస్టులో పేరు పడుతుంది. పాత ఫైలు ఉంటే బయటికొస్తుంది. అక్కడే పట్టి ఉంచెయ్యొచ్చు, ఉంచకపోవచ్చు. చెప్పలేం.”

“వెళ్ళకపోతే?”

“ఇవాళ అయిదు దాటితే నేరం. దొరికితే జైలు.”

“దొరక్కపోతే?”

“వాడికి ఇల్లుందా? ఇంట్లో ఎవరైనా ఉన్నారా?”

“భార్య ఉందండీ. ఆవిడకు కార్డుంది.”

ప్లీడరు బిగింపు వదిలేశాడు. ఫొటో చెడింది. “అయితే ఆవిడ కార్డూ పోతుంది బాబాయ్. తెలిసి ఇంట్లో ఉంచుకున్నవాళ్ళకీ అదే శిక్ష. నాలుగో నిబంధన. నీ గోడ మీదే ఉంది కదా, చదవలేదా?”

ఆయన గోడవైపు చూశాడు. గోడ మీద మూడు నిబంధనలూ, వాటి కింద ఊపిరితిత్తులూ ఉన్నాయి.

ప్లీడరు వెళ్ళాక తర్వాతి మనిషిని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, మెళ్లో వేలాడే కళ్లజోడు పెట్టుకుని, క్యాలెండరు అంచు పైకెత్తాడు. నాలుగోది ఉంది. మిగతా మూడింటి అక్షరాలంతే ఉన్నాయి. ఆవిడ అంటించేటప్పుడు గోడకు జిగురు ఎక్కువైనట్టుంది, ఆ పేరా మీద ఒక వేలి గుర్తు కూడా ఉంది. ఆయన క్యాలెండరు వదిలేశాడు. అది గోడకు టప్‌మని తగిలి ఊరుకుంది.

ముప్పై రోజులు. రోజూ పొద్దున ఆవిడ ఆ గోడ ముందు నిలబడి తల దువ్వుకుని పనికెళ్ళింది. రోజూ సాయంత్రం ఆ గోడ కిందే కూర్చుని ఎనిమిది ఫొటోల కాగితాన్ని ఒక్కొక్కటిగా కత్తిరించి కవర్లలో పెట్టింది. కూర గిన్నె మాడిందని ఒకసారి, ఆయన గురక గురించి మూడుసార్లు పోట్లాడింది. దీని గురించి ఒక్క ముక్క లేదు. అంత పెద్ద వస్తువును ఆ చిన్న ఒంట్లో ఎక్కడ పెట్టుకుందో ఆయనకు అర్థం కాలేదు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

మూడు దాటాక ఒక ముసలావిడ వచ్చింది. నాలుగైదు ఇళ్లలో వంట చేసే మనిషి. ఉతికి మడతపెట్టిన చీర, మడత గీతలు కూడా అలాగే ఉన్నాయి. ఆరు చుట్లు తిప్పాల్సి వచ్చింది. స్టూలు ఎక్కించాక కాళ్ళు నేలకు జానెడు పైన వేలాడాయి.

“ఫారం నింపారా పెద్దమ్మా?”

“నింపించా బాబూ. పేరు కాడ పేరు, తండ్రి పేరు కాడ తండ్రి పేరు. ఆయన పేరు పలికి ఎన్నేళ్లయిందో. నిన్న ఫారం నింపిన పిల్ల అడిగితే గుర్తు తెచ్చుకుని చెప్పా.”

“ఎన్నాళ్ళయింది వచ్చి?”

“ముప్పై ఒకటి. ఎక్కడా నా పేరు లేదు నాయనా. కరెంటు బిల్లు ఇంటాయనది. ఫోను పనింటి అమ్మగారిది. ఆస్పత్రికెళ్తే చీటీ మీద ‘వంటమనిషి’ అని రాశారు. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే పిలిచి, నీ పేరేంటమ్మా, చెప్పు రాసుకుంటాం అంటున్నారంట!”

ఆయన కెమెరా వెనకనుంచి తల బయటపెట్టాడు. చెప్పడం ధర్మం అనిపించింది. “పెద్దమ్మా, రాసుకున్నాక పంపించెయ్యొచ్చు కూడా. తెలుసా?”

“తెలీకేం? ఆ పిల్ల చదివి చెప్పింది. పంపిస్తే పంపిస్తారు.” ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. “పంపించాలన్నా ముందు నేనంటూ ఉన్నట్టు ఒప్పుకోవాలి గదా బాబూ!”

“గడ్డం కొంచెం పైకి” అన్నాడాయన. “నవ్వొద్దు.”

ఆవిడ నవ్వలేదు. నవ్వు దిగాక వచ్చే మొహం ఆవిడకు నవ్వకుండానే వచ్చింది. ఇంకా చెప్పాలంటే, అది గుమ్మంలోంచే పెట్టుకొచ్చిన మొహం. చెవులు రెండూ కనపడుతున్నాయి, ఒక చెవి తమ్మె తెగి ఉంది. కళ్ళు ఆయన వైపు కాక, ఆయన వెనక ఇంకెవరో చాలా పెద్దవాళ్ళు కూర్చున్నట్టు చూస్తున్నాయి. ఫొటోగ్రాఫరు చేయి బొత్తాం మీదే ఉండిపోయింది.

“ఏం బాబూ, కరెంటు పోయిందా?”

“లేదమ్మా. ఉంది.” నొక్కాడు.

నాలుగింటికి భార్య ఆశ్రమం నుంచి వచ్చేసరికి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికొచ్చింది. వరసలో ఆఖరి మనిషి వెళ్ళిపోయాడు. గొడుగు లైట్లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి. ఆయన గళ్ల చొక్కా తీసేసి తెల్ల చొక్కా వేసుకుని, దారం కట్టిన దువ్వెనతో దారం అందినంత మేరకు తల దువ్వుకుంటున్నాడు.

“ఎక్కడికి?” అంది ఆవిడ.

“ఆఫీసు అయిదు దాకా ఉంటుంది.”

ఆవిడ సంచి కింద పెట్టలేదు. “ఇరవై ఏడేళ్లు ఎవరూ అడగలేదు. ఇంకో ఇరవై ఏడేళ్లు ఎవరూ అడగరు. కూర్చోండి, టీ పెడతా.”

“క్యాలెండరు బొమ్మ బాగుంది” అన్నాడాయన.

ఆవిడ గోడవైపు చూడలేదు. సంచి తాడు చేతికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంది. “నా కార్డు నా ఇష్టం” అంది చివరికి. “దాన్నేం చేసుకుంటానో నాకు తెలుసు. మీకెందుకు?”

“నాక్కూడా ఒకటి కావాలనిపించిందే” అన్నాడు. “ఇందరికి తీశాను కదా. ఎలా ఉంటుందో చూద్దామని.”

“పంపించేస్తే?”

“పంపించేస్తే అక్కణ్నుంచి ఫోన్ చేస్తా. ఇక్కడే ఉండిపోతే నిన్ను పంపించేస్తారు, అప్పుడు గురక ఎవరు వింటారు?”

ఆవిడ నవ్వలేదు. మొదట్నుంచీ అంతే. సంచి కింద పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, కెమెరా వెనక్కి వెళ్ళింది. అన్నేళ్లలో అక్కడ ఆవిడ నిలబడటం అదే మొదలు. “కూర్చోండి. ఎన్ని చుట్లు?”

ఊరందరి చుట్లూ తెలిసిన మనిషికి తనవి తెలియవు. ఎప్పుడూ కూర్చోలేదు మరి.

ఆవిడే వచ్చి తిప్పింది. కెమెరాలోంచి చూసింది. తల తెగింది. మళ్ళీ వచ్చి ఒక చుట్టు తగ్గించింది. గడ్డం తెగింది. మళ్ళీ వచ్చి ఒక అర. ఇంట్లో పచ్చడి జాడీ మూత ఎలా బిగిస్తుందో అలాగే నడుం వంచి, రెండు చేతులతో. “మూడున్నర” అంది. “ఇక కదలకండి. గడ్డం పైకి. కళ్ళు ఇటు.” ఆగింది. “నవ్వొద్దు.”

ఆయనకు నవ్వాగలేదు. భుజాలు కదిలేలా, కళ్లలో నీళ్ళు తిరిగేలా, ముప్పై ఏళ్ల కస్టమర్లందరి నవ్వూ కలిపి ఒకేసారి వచ్చినట్టు నవ్వాడు. ఆవిడ బొత్తాం మీద వేలు పెట్టుకుని ఓపిగ్గా నిలబడింది. నవ్వు మెల్లగా దిగింది. దిగాక, ఏం చేయాలో తోచని ఆ మొహం వచ్చింది. పక్క మీద, వంటింట్లో, జ్వరంలో, పోట్లాటలో ఇన్నేళ్లు చూసిన మొహమే. అందులో ఇంత ఉందని మాత్రం ఆవిడకు అప్పుడే తెలిసింది. వెనకనున్న తెల్ల గుడ్డ కూడా చాలనంత ఉంది. నొక్కడానికి ఆవిడకు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

ఎనిమిది ఫొటోల కాగితం వేడివేడిగా బయటికొచ్చింది. ఆవిడ రెండు కత్తిరించి కవర్లో పెట్టి ఆయన జేబులో పెట్టింది. మిగిలిన ఆరూ విడివిడిగా చేయకుండా కాగితాన్ని అలాగే ఉంచింది.

ఆఫీసు బయట బెంచీ మీద ముసలావిడ తన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. వీళ్ళను చూసి, ఎత్తి చూపించింది. ఆయన లోపలికెళ్ళేముందు దాన్ని తీరిగ్గా చూసి, “చెవులు బాగా వచ్చాయి పెద్దమ్మా” అన్నాడు. తలుపు ఆయన వెనక దానంతటదే మూసుకుంది.

మధ్యాహ్నం నుంచి అక్కడే వచ్చినవాళ్ళ తరఫున నిలబడుతున్న ప్లీడరు అయిదుంబావుకు ఆ తలుపులోంచి బయటికొచ్చాడు. మెడలో ఉండాల్సిన పట్టీ చేతిలో ఉంది.

“పాత ఫైలు ఉందమ్మా. దేశం వదిలి వెళ్ళమని అప్పుడే ఉత్తరం వేశారట, పద్నాలుగో నంబరుకి. బాబాయికి తెలీదు. ఇవాళ ఇక బయటికి పంపరు.” ఓ రసీదు ఆవిడ చేతికిచ్చాడు. “పేరు మాత్రం నమోదైంది. రూలు ప్రకారం ఇది ఆయన దగ్గరే ఉండాలి, మీకిమ్మన్నాడు.”

రసీదు మీద ఆయన పూర్తి పేరుంది. చిరునామా కాడ పదహారు అని ఉంది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన్ను విమానం ఎక్కించారు. ఫోన్ చేశాడు. లైను సరిగా లేదు. లెన్సు మూత పెట్టడం మర్చిపోవద్దన్నది మాత్రం వినపడింది.

ఆశ్రమం పని సగం పూటకు మార్చుకుని ఆవిడే కొట్టు తెరుస్తోంది. ఫొటోలు బాగానే వస్తున్నాయి. సంఘం అధ్యక్షుడు మెళ్లో తాడుకి కార్డు వేలాడేసుకుని, స్నానానికి కూడా తీయడం లేదంటూ, నలభై ఒకటో ఫొటో కోసం వచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన చెక్క కుర్చీ వేస్తుంది. పొట్టివాళ్ళకు దాని మీద పాత టెలిఫోన్ పుస్తకాలు. అధ్యక్షుడు రెండు చాలన్నాడు, ఆవిడ నాలుగు వేసింది. అక్కడ స్టూలుండగా ఇదంతా దేనికమ్మా అని అడిగాడు. ఆవిడ వినిపించుకోకుండా గడ్డం పైకి అంది.

స్టూలు తెల్ల గుడ్డ పక్కన గోడవారగా ఉంది, పీట మూడున్నర చుట్ల ఎత్తులో, మరకు పూసిన పాత నూనె వెలుగులో మెరుస్తూ.